హెర్నియా రిపోర్టులో 'రిడ్యూసిబుల్' అని ఉంటే

అందరికీ నమస్కారం.

హెర్నియా ఉన్నవాళ్ల రిపోర్టులో తరచుగా కనిపించే మాట 'రిడ్యూసిబుల్'. అది చూసి చాలామంది 'అయితే మందులతో తగ్గిపోతుందన్నమాట' అని ఊపిరి పీల్చుకుంటారు. దాని అర్థం అది కాదు. బయటికి పొడుచుకొచ్చిన పేగో కొవ్వో, పడుకున్నప్పుడు గానీ నెమ్మదిగా నొక్కినప్పుడు గానీ తిరిగి లోపలికి వెళ్తోందని మాత్రమే. పొట్ట గోడలో పడిన సందు అలాగే ఉంటుంది. పసిపిల్లల బొడ్డు దగ్గర వచ్చేది చాలావరకు దానంతటదే పూడుకుంటుంది గానీ, పెద్దవాళ్లలో మందులతోనూ బెల్టుతోనూ పూడదు.

డాక్టర్ ముందు నిలబెట్టి దగ్గమంటారు. దగ్గినప్పుడల్లా ఉబ్బు వేళ్లకు ఎగిరి తగులుతుంది. పడుకోబెడితే లోపలికి జారిపోతుంది, ఒక్కోసారి గుడగుడమంటుంది కూడా. అలా చప్పుడైతే బయటికొచ్చింది పేగేనని తెలుస్తుంది.

లోపలికి వెళ్లడం మానేస్తే 'ఇర్రిడ్యూసిబుల్' అని రాస్తారు. అసలు భయపడాల్సింది ఆ తర్వాతి దశకు, 'స్ట్రాంగ్యులేటెడ్'కు. ఇరుకు సందులో చిక్కిన పేగుకు ముందుగా సిరలు నొక్కుకుపోతాయి, వాటి గోడలు పలచన కాబట్టి. రక్తం వస్తూ ఉంటుంది, తిరిగి పోయే దారి ఉండదు. పేగు వాస్తుంది, బిగింపు ఇంకా పెరుగుతుంది, చివరికి ధమని కూడా మూసుకుపోతుంది. కొన్ని గంటల్లోనే పేగు కుళ్లిపోవచ్చు. ఆపరేషన్ చేసేటప్పుడు నల్లబడ్డ పేగును విడిపించి, గోరువెచ్చని సెలైన్‌లో తడిపిన గుడ్డ కప్పి కొన్ని నిమిషాలు చూస్తారు. మళ్లీ గులాబీ రంగుకొచ్చి కదిలితే లోపల పెట్టేస్తారు, లేకపోతే ఆ ముక్క కోసి తీసేయాల్సిందే.

ఉబ్బు చిన్నదే కదా అని ధీమాగా ఉండకూడదు. సందు ఎంత ఇరుకైతే చిక్కుకునే ప్రమాదం అంత ఎక్కువ. మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఎక్కువగా కనిపించే ఫెమొరల్ హెర్నియా తొడ మొదట్లో చిన్న గడ్డలాగే ఉంటుంది. కానీ బిగుసుకుపోయే ప్రమాదం దానికే ఎక్కువ, అందుకే డాక్టర్లు దాన్ని వాయిదా వేయనివ్వరు. మగవాళ్లలో ఇబ్బంది పెట్టని గజ్జ హెర్నియాకైతే, డాక్టరుతో మాట్లాడుకుని కొంతకాలం ఆగి చూడటం కూడా ఒక పద్ధతే.

రోజూ లోపలికి వెళ్లే ఉబ్బు ఒకరోజు గట్టిపడి, నొప్పి పెరిగి, వాంతులు మొదలైతే తెల్లారేదాకా ఆగొద్దు. బలవంతంగా నొక్కొద్దు, ఏమీ తినొద్దు, తాగొద్దు. నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లి, ఉబ్బు ఎప్పటినుంచి లోపలికి వెళ్లడం లేదో ముందుగా చెప్పండి. ఎంత తొందరపడాలో డాక్టర్లు లెక్కవేసుకోవడానికి ఆ టైమ్ చాలా ముఖ్యం.