తన పగులు తానే పూడ్చుకునే సిమెంట్

అందరికీ నమస్కారం. పరిచయం చేసినాయన నాకు ముప్పై ఏళ్ల అనుభవం ఉందన్నారు. అందులో సగం ఎదురుచూపులే. నూనె, గ్యాస్ బావిలోకి పంపిన సిమెంట్ గట్టిపడేదాకా కూర్చోవడానికి మా దగ్గర ఒక పేరే ఉంది, 'వెయిటింగ్ ఆన్ సిమెంట్' అని. వేదిక మీది పెద్దలకు పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాలని రాసుకొచ్చాను. నా సమయం సగానికి సగం కోసేశారు కాబట్టి అందరికీ కలిపి ఒకే నమస్కారం.

ముందుగా ఈ ముక్క చూడండి. ల్యాబ్‌లో పోసిన సిమెంట్ దిమ్మ, అరచేతిలో పడుతుంది. మొదటి వరసలో వాళ్లు చూసి వెనక్కి అందించండి. మధ్యలో ఒక సన్నటి గోధుమరంగు చార ఉంది. దాని గురించి తర్వాత మాట్లాడతాను.

బావిలో సిమెంట్ ఎక్కడుంటుందో తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. ఎనిమిదిన్నర అంగుళాల రంధ్రం తవ్వి, అందులోకి ఏడు అంగుళాల ఉక్కు గొట్టం, అంటే కేసింగ్, దించామనుకోండి. గొట్టానికీ రాతికీ మధ్య చుట్టూ మిగిలేది ముప్పావు అంగుళం, అంటే 19 మిల్లీమీటర్లు. ఆ సందులో, కొన్నిసార్లు కిలోమీటర్ల పొడవునా, సిమెంట్ నిండాలి. అడుగున ఉన్న గ్యాస్ ఆ సందు వెంట పైకి రాకుండా ఆపేది అదే. బావిని మూసేసి అందరూ వెళ్లిపోయాక కూడా దాని డ్యూటీ అయిపోదు.

అది ఎందుకు పగులుతుంది? గొట్టం లోపల ఒత్తిడి పెంచితే ఉక్కు కాస్త ఉబ్బుతుంది, తగ్గించగానే వెనక్కి వస్తుంది. సిమెంట్‌కు ఆ సాగుడు లేదు. వేడెక్కి చల్లారినా ఇదే వరస. చివరికి ఉక్కుకీ సిమెంట్‌కీ మధ్య వెంట్రుకంత సందు పడుతుంది. గ్యాస్‌కు అంతకంటే వెడల్పు దారి అక్కర్లేదు.

ఇక్కడే ఈ కొత్త రకం సిమెంట్ వస్తుంది. పొడిలోనే రబ్బరు లాంటి పాలిమర్ రేణువులు కలుపుతారు. సిమెంట్ గట్టిపడ్డాక అవి అందులో ఊరికే పడి ఉంటాయి, ఏళ్లు గడిచినా సరే. పగులు వచ్చి, దాని గుండా నూనో గ్యాసో కారడం మొదలైతే, ఆ కారిందే రేణువులకు తగిలి అవి ఉబ్బుతాయి. దారి మూసుకుంటుంది. మందు వేయడానికి మనిషి వెళ్లక్కర్లేదు, జబ్బే మందు తాగిస్తుంది. పూర్తిగా మూసుకోకపోయినా లాభమే, ఎందుకంటే పగుల్లో ప్రవాహం వెడల్పు ఘనాన్ని బట్టి ఉంటుంది. వెడల్పు సగమైతే కారేది ఎనిమిదో వంతుకు పడిపోతుంది. నాకు ఈ లెక్కంటే చాలా ఇష్టం. పెళ్లిళ్లలో కూడా చెబుతానని ఇంట్లో విసుక్కుంటారు.

అన్నిటికీ ఒకే రేణువు పనికిరాదు. నూనెకు ఉబ్బేది నీటికి ఉబ్బదు. బరువైన హైడ్రోకార్బన్లకు బాగా ఉబ్బేది పొడి మీథేన్‌కు బద్ధకిస్తుంది. బాక్టీరియాతో సున్నపురాయి చేయించి పగుళ్లు పూడ్చడం గురించి ఎవరో ఒకరు అడుగుతారని తెలుసు. భవనాల కాంక్రీట్‌లో అది బాగానే ఉంది. లోతైన బావుల సంగతి వేరు. 110 డిగ్రీలు దాటితే సిలికా పొడి కలపని మామూలు సిమెంటే బలం కోల్పోతుంది. ఇక ఆ ప్రాణుల సంగతి మీరే ఊహించుకోండి.

ఇంకో నాలుగు రకాల గురించి రాసుకొచ్చాను. వదిలేస్తున్నాను. నేను ఇక్కడికి వచ్చింది వేరే మాట చెప్పడానికి.

ఈమధ్య ఒక మీటింగ్‌లో కూర్చున్నాను. ఖర్చుల పట్టిక తెర మీద ఉంది. ఒకాయన అడిగారు: "ఇది తనంతట తానే మానే సిమెంట్ కదండీ, మరి ఇన్ని సెంట్రలైజర్లు ఎందుకు? సగం తీసేద్దామా?" సెంట్రలైజర్లంటే గొట్టాన్ని రంధ్రం మధ్యలో నిలబెట్టడానికి దాని చుట్టూ తొడిగేవి. గదిలో ఎవరూ నవ్వలేదు. ఆయన హాస్యానికి అనలేదు మరి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పాత బావి ఒకటి గుర్తొచ్చింది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో అది. సిమెంట్ పంపే ముందు రంధ్రంలో ఉన్న డ్రిల్లింగ్ మడ్‌ను, అంటే తవ్వేటప్పుడు వాడే బురదను, తిప్పి తిప్పి పలచబరచాలి. కదలకుండా ఉంటే అది జున్నులా గడ్డకడుతుంది. రెండు గంటలు తిప్పుదామన్నాను. అరగంట చాలన్నారు. బావి తవ్వే రిగ్ అద్దె గంటల లెక్కన నడుస్తోంది కదా. సరేనని కాగితం మీద సంతకం పెట్టాను. అవును, నేనే పెట్టాను. మూడో రోజు పొద్దున యాన్యులస్ గేజ్, అంటే గొట్టం చుట్టూ ఉన్న సందులో ఒత్తిడి చూపే మీటర్, ముల్లు లేచి ఉంది. వాల్వ్ తిప్పి బ్లీడ్ చేశాం. బుస్సుమని గ్యాస్ పోయింది, ముల్లు సున్నాకి వచ్చింది. హమ్మయ్య అనుకున్నాం. మర్నాడు చూస్తే అదే చోట నిలబడి ఉంది. మళ్లీ వదిలాం, మళ్లీ వచ్చింది. కేసింగ్‌కు చిల్లులు పెట్టి, వెనకకు సిమెంట్ నొక్కే స్క్వీజ్ జాబ్ రెండుసార్లు చేశాం. అయినా రోజూ టిఫిన్ వేళకు ఆ ముల్లు హాజరు. ఆ అరగంట వల్ల మిగిలిన డబ్బు ఎన్ని వారాల్లో ఎటు పోయిందో ఎవరూ లెక్క కట్టలేదు. చివరి రిపోర్టులో మాత్రం రెండే మాటలు రాశారు: 'సిమెంట్ ఫెయిల్యూర్'.

సిమెంట్ ఏం చేసిందండీ? బురద పక్కన పోశాం. బురద పక్కనే గట్టిపడింది.

2010 ఏప్రిల్ 20 మీకందరికీ తెలుసు. మెక్సికో జలసంధి కాదు, క్షమించాలి, మెక్సికో సింధుశాఖ. అక్కడి మకోండో నూనె బావి పేలిన రోజు. 11 మంది పోయారు, 87 రోజులు నూనె కారింది. లెక్క 21 సెంట్రలైజర్లు కావాలంది. గొట్టం 6తోనే దిగింది. అదనంగా 15 తెప్పించారు కూడా, అవి సరైన రకం కావనుకుని పక్కన పెట్టేశారు. ప్రమాదానికి అదే కారణమని నేను అనను, విచారణల్లోనూ అలా తేలలేదు. సిమెంట్ అతుక్కుందో లేదో చూడటానికి లాగ్ తీసే బృందం రిగ్ మీదే ఉంది. ఆ ఉదయమే పని లేదని వెనక్కి పంపేశారు. నేను చెప్పేది ఈ అలవాటు గురించే. బావి కట్టడంలో ఆఖర్న వచ్చే పనులకు ఎప్పుడూ సమయం ఉండదు. నా ప్రసంగానికి లేనట్టే.

కుర్రాళ్లు చాలామంది ఉన్నారిక్కడ, మీతోనే అంటున్నాను. ఈ కొత్త సిమెంట్ వాడండి. నేను దానికి వ్యతిరేకిని కాదు, మా రోజుల్లో ఉంటే ఎన్నో రాత్రులు పడుకునేవాణ్ని. కానీ అది పూడ్చేది తనలో వచ్చిన పగుల్ని. గొట్టం మధ్యలో నిలబడకుండా రాతికి ఆనుకుంటే, ఆ ఇరుకు వైపు మడ్ కదలదు. సిమెంట్ వెడల్పు వైపు నుంచే పోతుంది. అక్కడ మిగిలేది మడ్ కాలువ. సిమెంటే చేరని చోట రేణువు ఎలా ఉంటుంది? లేని రేణువు ఏం ఉబ్బుతుంది?

చీటీ పంపారు, ముగించాలట. ఆ ముక్క ఏ వరసలో ఉంది? ఎవరైనా ఆ చారను గోటితో గీకారా? గీకండి, పర్లేదు. అదిగో, గోటి కిందకి వచ్చేసింది చూశారా? అది మడ్. ఆ దిమ్మలో మిగతాదంతా నేను చెప్పిన కొత్త సిమెంటే.