రివాల్వర్‌ని చెడగొట్టింది తాళం కాదు, పోలీసులు!

ముందే చెప్పేస్తున్నా, కామెంట్లలో తిట్టడానికి మీకు టైం మిగులుతుంది. కొత్త రివాల్వర్లు పాతవాటి ముందు తేలిపోవడానికి మీరంతా గన్‌లోనే బిగించి వచ్చే సేఫ్టీ తాళాన్ని తిడుతున్నారు, ఎంఐఎం పార్టులని, అంటే లోహపు పొడిని అచ్చులో కొట్టి చేసే పార్టులని తిడుతున్నారు. తిట్టాల్సింది పోలీసుల్ని! లంచం గురించీ లాఠీ గురించీ కాదు నేననేది. అమెరికా పోలీసులు రివాల్వర్లు కొనడం మానేశారు, అప్పటి నుంచే రివాల్వర్ క్వాలిటీకి దిక్కు లేకుండా పోయింది.

నమస్కారం గురూగారూ, వైజాగ్ నుంచి మాట్లాడుతున్నా. పోయిన వీడియోలో కోల్ట్ పైథాన్ అనే అమెరికా రివాల్వర్ పాతదాన్నీ కొత్తదాన్నీ పోల్చి మాట్లాడాను. కింద యుద్ధమే జరిగింది. ఒక బ్యాచ్ ఏమో "పాతది బంగారం, కొత్తవన్నీ రేకు డబ్బాలు" అంటుంది. ఇంకో బ్యాచ్ "తాతల కాలం ముచ్చట్లు ఆపండి, కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషీన్ ముందు ఆకురాయి ఎంత" అంటుంది. ఒకాయనైతే "ఏటి బాబూ, నీకు లైసెన్సే లేదు, నీకెందుకీ గోల" అన్నాడు. లేదండీ, నిజమే. క్రికెట్ మీద వాదించేవాళ్లందరూ రంజీ ఆడి వచ్చారా?

ముందు జబ్బులేంటో చూద్దాం. కొత్త డబ్బా విప్పగానే ఫ్రంట్ సైట్, అంటే గొట్టం కొసన గురి చూసుకునే ముక్క, ఓ పక్కకి వాలి కనిపిస్తుంది. అంటే బ్యారెల్‌ని ఫ్రేములోకి బిగించేటప్పుడు వెంట్రుకవాసి ఎక్కువో తక్కువో తిప్పేశారన్నమాట. తూటాలు పెట్టి తిప్పే సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య ఒక సందు ఉంటుంది కదా, అది అంగుళంలో వెయ్యో వంతులు ఓ 4 నుంచి 8 ఉంటే బాగున్నట్టు లెక్క. మన లెక్కలో సుమారు 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లు. కొన్నిటికి ఒక పక్క ఇంత, ఇంకో పక్క అంత. ఇక టైమింగ్. ఛాంబర్, అంటే తూటా కూర్చునే గది, బ్యారెల్‌కి సరిగ్గా ఎదురు రాకముందే తూటాని పేల్చే సుత్తి, అదే హ్యామర్, పడిందనుకోండి, గుండు అంచు చెక్కుకుపోయి సీసం తునకలు పక్కకి ఎగురుతాయి. ఆ గన్ టైమింగ్ ఎలా ఉందో పక్కన నిలబడ్డవాడి చెంపే చెప్తుంది.

పైథాన్ సంగతి మీకు తెలిసిందే, గబగబా అనేస్తాను. 1955లో వచ్చినప్పుడు 125 డాలర్లు. మధ్యలో ఆగిపోయి, 2020 జనవరిలో 1,499 డాలర్లకి మళ్లీ వచ్చింది. జనం ఎగబడ్డారు. కొన్ని వారాల్లోనే వీడియోలు మొదలయ్యాయి: ట్రిగ్గర్ లాగుతారు, సిలిండర్ తిరగదు, ఇందాక పేలిన తూటా మీదే హ్యామర్ మళ్లీ టిక్కుమని పడుతుంది. పదిహేనొందల డాలర్లండీ! అన్నీ అలా ఉన్నాయని నేననడం లేదు. బాగున్నవీ బోలెడు. పైగా పాత పైథాన్‌కి కూడా ఎక్కువగా కాల్చాక టైమింగ్ తప్పే రోగం ఉండేది, అది ఒప్పుకుని తీరాలి. కానీ పాతది వాడగా వాడగా అరిగింది. కొత్తది డబ్బాలోంచే అలా వచ్చింది. ఈ రెండూ ఒకటేనని వాదించేవాళ్లతో నాకు పని లేదు.

ఇందాకటి సందు కొలవడానికి ఇస్రో సైంటిస్టు రానక్కర్లేదు. మన ఆటోనగర్లో టాపెట్లు సెట్ చేసే ఏ మెకానిక్ దగ్గరైనా ఫీలర్ గేజ్ ఉంటుంది. అదే చాలు. సన్నటి ఆకు ఒకటి దూర్చి చూడటం, అర నిమిషం పని. ఆ అర నిమిషం ఫ్యాక్టరీలో ఎవరూ ఎందుకు పెట్టలేదు? నా మంటంతా అక్కడే. పెట్టకపోయినా అడిగేవాడు లేడు కాబట్టి పెట్టలేదు!

పాత రోజుల్లో అడిగేవాడు ఉండేవాడు. అమెరికా గన్ కంపెనీ స్మిత్ అండ్ వెసన్ 1899లో తెచ్చిన మోడల్ పేరేంటి? మిలటరీ అండ్ పోలీస్. కస్టమర్ ఎవరో పేరులోనే ఉంది. తర్వాత దాన్నే మోడల్ 10 అన్నారు, 60 లక్షలకి పైగా తయారైంది. ఒక నగర పోలీసు శాఖ 500 ఆర్డర్ పెట్టిందనుకోండి. వాళ్ల ఆర్మరర్, అంటే ఆయుధాలు చూసుకునేవాడు, కూర్చుని ఒక్కోటీ తిప్పి చూస్తాడు. ఓ పదింటిలో తేడా కనిపిస్తే లాట్ మొత్తం వెనక్కి. వచ్చే ఏడాది ఆర్డర్ అవతలి కంపెనీకి. ఆ భయం ఉంది చూశారూ, అది ఎంత గొప్ప స్టీలు పెట్టినా రాదు.

మన నేవీ ఊరు కదా, నేవీ కథ ఒకటి చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధంలో ఇదే రివాల్వర్‌ని విక్టరీ మోడల్ పేరుతో సైన్యాలకి ఇచ్చారు. 1944 చివర్లో అమెరికా యుద్ధనౌక మీద ఒకటి చేతిలోంచి జారి ఉక్కు డెక్ మీద పడింది. పేలింది. ఒక నావికుడు చనిపోయాడు. అంటే పాత రివాల్వర్లోనూ లోపం ఉంది! హ్యామర్ బ్లాక్ అని, కింద పడ్డా పేలకుండా ఆపాల్సిన చిన్న పార్టు, అది ఆపలేదు. అప్పుడేమైంది? అవతల ఉన్నది నేవీ. కంపెనీ నిద్రాహారాలు మాని రోజుల్లోనే కొత్త హ్యామర్ బ్లాక్ డిజైన్ చేసింది. మార్చిన గన్లకి సీరియల్ నంబర్‌తో పాటు ఎస్ అక్షరం కొట్టింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు స్మిత్ రివాల్వర్లలో దాదాపు ఆ ఏర్పాటే నడిచింది. ఇవాళ మామూలు మనిషి ఒకడు ఫోన్ చేసి "సార్, నా గన్ సిలిండర్ తిరగట్లేదు" అంటే ఏమవుతుంది? కొరియర్ లేబుల్ ఒకటి వస్తుంది. అంతే. ఒక్కడి కోపానికి ఫ్యాక్టరీ మారదు.

ఆ పెద్ద కస్టమర్ ఎప్పుడు పోయాడు? 1986 ఏప్రిల్ 11న మయామీలో ఎఫ్‌బీఐకీ ఇద్దరు దొంగలకీ కాల్పులు జరిగాయి. ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. చాలామంది ఏజెంట్ల చేతుల్లో ఉన్నవి రివాల్వర్లే. తూటాలు అయిపోయాక మధ్యలో మళ్లీ నింపుకోవడం నరకమైపోయింది. ఆ దెబ్బతో ఎఫ్‌బీఐ మ్యాగజైన్‌తో నడిచే పిస్టల్ వైపు తిరిగింది. అప్పటికే ఆస్ట్రియా పిస్టల్ గ్లాక్ అమెరికాలో అడుగుపెట్టింది. 1993లో న్యూయార్క్ పోలీసులు కూడా పిస్టల్‌కి గేటు తెరిచారు. పదేళ్లలోపే రివాల్వర్‌కి పెద్ద కస్టమర్ అన్నవాడు మాయం. మిగిలింది మనలాంటి అభిమానులు. అభిమాని ఏం చేస్తాడు? లోపం కనిపించినా "మా కంపెనీ అలాంటిది కాదు" అని వాడే సర్దిచెప్పుకుంటాడు. హీరో సినిమా ఫ్లాప్ అయినా ఫ్యాన్స్ ఒప్పుకోరే, అలాగ.

వైజాగ్ వాళ్లకి ఇదంతా విడమరిచి చెప్పక్కర్లేదు. వెల్డింగ్ అయిపోయిందని వెల్డర్ చెప్తే అయిపోయినట్టా? సర్వేయర్ రావాలి, ఎక్స్‌రే ఫిల్ము చూడాలి, స్టాంపు పడాలి. 1948లో జల ఉష ఓడ ఇక్కడి నీళ్లలోకి దిగిన నాటి నుంచి ఈ ఊరు స్టాంపు కోసం ఎదురుచూస్తూనే బతికింది. మా పెదనాన్నగారు గాజువాక సైడు ఒక ఫ్యాబ్రికేషన్ షాపులో ఫిట్టరు. "ఇన్‌స్పెక్టర్ సెలవు పెడితే మాకు పండగ, జాబుకి దండగ" అనేవారు. ఎంత పనిమంతుడైనా చూసేవాడు లేని రోజున చెయ్యి కొంచెం వదులుతుంది, అది మనిషి నైజం అనేవారు. కోల్ట్ ఫ్యాక్టరీ ఉన్న కనెక్టికట్‌లో ఫిట్టరు మాత్రం దేవుడా?

ఇప్పుడు ఎంఐఎం వాళ్లు లైన్లో ఉన్నారు, రండి. లోహపు పొడిని బైండర్‌తో కలిపి అచ్చులోకి కొడతారు, కొలిమిలో కాలుస్తారు, పార్టు బాగా ముడుచుకుని గట్టిపడుతుంది. స్మిత్ 1990ల నుంచి హ్యామర్లూ ట్రిగ్గర్లూ ఇలాగే చేస్తోంది. "పొడితో చేసిన పార్టు విరగదా" అని ఒకటే గోల. అయ్యా, ఆ పార్టుల గొప్పతనమే కొలత. వెయ్యి తీస్తే వెయ్యీ ఒకేలా వస్తాయి. అసలు తప్పు ఎక్కడ జరిగిందంటే, పార్టులన్నీ ఒకే కొలత కాబట్టి ఇక రుద్ది కూర్చే ఫిట్టర్ అక్కర్లేదని లెక్క వేశారు. లెక్క కరెక్టే. కానీ ఆ ఫిట్టరు రుద్దడమొక్కటే చేసేవాడా? రుద్దుతూ చూసేవాడు! సిలిండర్ ఆరుసార్లు తిప్పి, చెవి దగ్గర పెట్టి, వేలితో ఊపి చూసేవాడు. రుద్దుడు అక్కర్లేదని చూపుని కూడా పీకేశారు.

తాళం సంగతి ఒక్క నిమిషం. 2000 మార్చి 17న స్మిత్ కంపెనీ తుపాకుల భద్రత మీద క్లింటన్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది, జనం కొనడం మానేశారు, కంపెనీ కుదేలైంది. 1987లో 11 కోట్ల డాలర్ల పైచిలుకు పెట్టి కొన్న బ్రిటన్ కంపెనీ టామ్‌కిన్స్, 2001 మేలో కోటిన్నర డాలర్లకి అమ్ముకుని, అప్పులు కూడా అంటగట్టి బయటపడింది. కొన్నది ఎవరు? సేఫ్-టి-హామర్, అంటే తుపాకీ తాళాలు చేసే కంపెనీ! తాళాలవాడు గన్ కంపెనీ కొంటే ఏం పెడతాడు, తాళమే పెడతాడు. ఎడమ పక్కన ఆ చిన్న రంధ్రం చూసి పాతికేళ్లుగా ఏడుస్తున్నారు. చూడ్డానికి దరిద్రంగా ఉంటుంది, ఒప్పుకుంటా. ఇప్పుడు కొన్ని మోడళ్లు తాళం లేకుండానే వస్తున్నాయి, పండగ చేసుకోండి. కానీ తాళం తీసేస్తే వాలిన బ్యారెల్ నిటారుగా నిలబడుతుందా? ఆ రంధ్రాన్ని తిట్టుకుంటూ అసలు సంగతి వదిలేశారు మీరు.

"మరి 1970ల్లో స్మిత్ బ్యాంగర్ పుంటా అనే కంపెనీ చేతిలో ఉన్నప్పుడు పోలీసులు కొంటూనే ఉన్నారుగా, అప్పుడూ చెత్త వచ్చిందిగా" అని ఒకరు తప్పకుండా అడుగుతారు. అడగండి. అది యాజమాన్యం జబ్బు, దాని మీద వేరే వీడియో చేస్తా. నా థియరీకి ఏం కాదు.

మన దేశం లెక్క ఇంకా ఘోరం. బయటి గన్లు మామూలు లైసెన్స్‌దారు తెప్పించుకునే దారి 1980ల్లోనే మూసుకుపోయింది. అందుకే పాత బ్రిటిష్ వెబ్లీయో స్మితో ఎవరైనా అమ్ముతున్నారంటే లక్షల్లో మాట. లేదంటే కాన్పూర్ ప్రభుత్వ ఫ్యాక్టరీ .32 రివాల్వర్. దాని డిజైనూ వెబ్లీ వంశమే. 2014లో నిర్భీక్ అని ఆడవాళ్ల కోసం ఒకటి తెచ్చారు, అర కిలో బరువు, టైటానియం అల్లాయ్, ధర 1,22,360 రూపాయలు. నగల పెట్టె లాంటి డబ్బాలో పెట్టి ఇచ్చారు! నగల పెట్టె మీద పెట్టిన శ్రద్ధ గురించి పేపర్లన్నీ రాశాయి. 2023లో ప్రబల్ వచ్చింది, సిలిండర్ పక్కకి తెరుచుకుంటుంది, 50 మీటర్లు కొడుతుందని హెడ్డింగులు. గురూగారూ, జేబు రివాల్వర్‌తో 50 మీటర్ల దూరంలో ఎవర్ని కొడతారు, ఎందుకు కొడతారు? సందు ఎంతో చెప్పండి నాకు!

ఇక్కడ నా థియరీ ఇంకా గట్టిగా నిలబడుతుంది. 9 ఎంఎం మనకి ప్రొహిబిటెడ్ బోరు, అంటే మామూలు జనానికి ఇవ్వని తూటా సైజు. పోలీసు వాడే బోరు మనకి ఇవ్వరు, మనకిచ్చే బోరు పోలీసు వాడడు. అంటే .32 రివాల్వర్‌ని లాట్ లాట్‌గా తిప్పి కొట్టే పెద్ద చెయ్యి ఈ దేశంలో లేనే లేదు. లైసెన్స్ కోసం ఏళ్లు తిరిగి, కమిషనర్ ఆఫీసు మెట్లు అరగదీసి, చివరికి చేతికొచ్చిన గన్‌ని ఎవడు వెనక్కిస్తాడు? కళ్లకద్దుకుని ఇంటికి పట్టుకుపోతాడు. ఆపైన ఎలక్షన్ నోటిఫికేషన్ వస్తే స్టేషన్లో డిపాజిట్. అక్కడ బీరువాలో నెలలు.

ఆ బీరువా అనగానే గుర్తొచ్చింది. కొత్తవాటికి ఒక్క విషయంలో మాత్రం దండం పెడతాను, అది స్టెయిన్‌లెస్. 1965లో స్మిత్ మోడల్ 60తో మొదలైంది. పాతవాటి ఆ నల్లటి పూత, బ్లూయింగ్ అంటారు, చూడ్డానికి ఎంత అందమో, బీచ్ రోడ్డు గాలికి అంత అలుసు. ఈ ఊళ్లో ఉప్పుగాలి కిటికీ ఊచల్నే తినేస్తుంది. నూనె రాయకుండా ఒక వానాకాలం గడిపితే మీ తాతగారి వెబ్లీ గోధుమరంగుకి తిరుగుతుంది. కాబట్టి భీమిలిలో ఉండేవాళ్లు నాతో వాదించొద్దు, మీకు స్టెయిన్‌లెస్సే.

సరే, లైసెన్స్ ఉన్నవాళ్లకి ఒక పని. సిలిండర్ తెరిచి ఆరు గదులూ ఖాళీగా ఉన్నాయని రెండుసార్లు చూసుకోండి, ఇంట్లో పిల్లలు దగ్గర లేనప్పుడు. తర్వాత ఫీలర్ గేజ్‌తో ఎడమ పక్క ఒకసారి, కుడి పక్క ఒకసారి సందు కొలవండి. మోడల్ పేరు, ఏ సంవత్సరానిది, రెండు నంబర్లు, కామెంట్లో పెట్టండి. ఫొటోలు వద్దు, సీరియల్ నంబర్ అసలే వద్దు. బ్యాంగర్ పుంటా బ్యాచ్, మీరు కూడా కొలిచాకే రండి.