క్యూ ఎక్కడుంది?

శ్రోతలందరికీ నమస్కారం. నాకిచ్చిన టైము ఎనిమిది నిమిషాలు. స్క్రాబుల్ గురించి ఎనిమిది నిమిషాల్లో చెప్పమంటే, బెజవాడ ఎండల గురించి ఎనిమిది నిమిషాల్లో చెప్పమన్నట్టే. అందుకని అన్నీ చెప్పను. ఒకే ఒక్క ఆట చెబుతాను. అదీ నేను ఓడిపోయిన ఆట.

తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. అడ్డం పదిహేను గళ్ళు, నిలువు పదిహేను గళ్ళు, అదీ బోర్డు. సంచిలో ఇంగ్లీషు అక్షరాల బిళ్ళలు 100. ఏడేసి తీసుకుని, బోర్డు మీద ఒకదానికొకటి తగిలేలా మాటలు పేర్చుకుంటూ పోవాలి. ‘ఈ’ లాంటి అక్షరానికి 1 పాయింటు, క్యూకీ జెడ్‌కీ 10. ఆల్ఫ్రెడ్ బట్స్ అనే అమెరికన్ ఆర్కిటెక్టు, 1930ల మాంద్యంలో పనిలేక, వార్తాపత్రిక మొదటి పేజీలో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో కూర్చుని లెక్కపెట్టి ఈ ఆట కట్టాడు. స్క్రాబుల్ అన్న పేరు 1948లో పెట్టారు. మన విజయవాడ ఆకాశవాణి మొదలైందీ ఆ ఏడాదే. అందుకని నాకు కాస్త ఎక్కువ అభిమానం.

తెలుగులో ఇలాంటి ఆట ఎందుకు లేదండీ అని పిల్లలు అడుగుతుంటారు. ‘స్త్రీ’ అన్న మాటకి ఒక బిళ్ళ వెయ్యాలా, నాలుగు వెయ్యాలా? అది తేలాక ఆలోచిద్దాం.

ఇక నా సంగతి. నేను ఇరవై రెండేళ్ళుగా ఇంగ్లీషు పాఠాలు చెబుతున్నాను. మా బాబాయిగారు రైల్వేలో పార్సిళ్ళ లెక్క రాసి రిటైరయ్యారు. చదువు ఎస్సెస్సెల్సీ. ఆదివారం సాయంత్రం ఎండ తగ్గాక సత్యనారాయణపురంలో వాళ్ళింటి అరుగు మీద ఆట. మాటలు ఎవరికి ఎక్కువ వచ్చు? నాకు. ఎక్కువసార్లు గెలిచేదెవరు? ఆయన.

ఆ రోజు ఆట చివరికొచ్చింది. సంచి ఖాళీ. ఆయనకి 318, నాకు 310. ఎనిమిదే తేడా. నా దగ్గర ఐదు బిళ్ళలున్నాయి: ఎఫ్, ఏ, ఆర్, ఎమ్, టీ. ఆయన దగ్గర రెండు. పొలం అనే అర్థంలో ‘ఫార్మ్’ అని పేర్చడానికి మంచి చోటు దొరికింది. మాట విలువ రెట్టింపయ్యే గడి కూడా కలిసొచ్చి 18 పాయింట్లు. ఆలోచించేదేముంది? వేసేశాను. 328. పది పాయింట్లు ముందున్నాను. కాఫీ గ్లాసు కూడా చేతిలోకి తీసుకున్నాను.

బాబాయిగారు కళ్ళద్దాలు సర్దుకుని, ఒక్క బిళ్ళ తీసి, బోర్డు మీద ఓ మూల ఖాళీగా ఉన్న ‘ఐ’ పక్కన పెట్టారు. క్యూ. క్యూ-ఐ. చీనావాళ్ళ ప్రాణశక్తి పేరు అది, చీ అని పలుకుతారు, ఇంగ్లీషు నిఘంటువులోకీ ఎక్కింది. ఆయన క్యూ పెట్టింది అక్షరం విలువ మూడింతలయ్యే గడిలో. మూడు పదులు ముప్ఫై, ఐకి ఒకటి. 31. ఆయన 349. నా దగ్గర మిగిలిన టీతో ఓ రెండు పాయింట్లు, నా బిళ్ళలు ముందు అయిపోయాయి కాబట్టి ఆయన దగ్గర మిగిలిన ఎన్ తాలూకు ఒకటి నాకు కలిసి, ఆయనకి తగ్గి, చివరికి 331, 348. పదిహేడు పాయింట్లతో ఓడిపోయాను.

“క్యూ మీ దగ్గరుందని నాకెలా తెలుస్తుంది బాబాయ్?” అన్నాను, ఉక్రోషంగా.

“బోర్డు మీద లేదు. సంచిలో లేదు. నీ దగ్గర లేదు. మరెక్కడుందనుకున్నావే, ప్రకాశం బ్యారేజీ కింద కొట్టుకుపోయిందనుకున్నావా?”

అప్పుడు చూశాను. ఆయన మోకాలి కింద క్యాలెండరు కాగితం ముక్క. దాని వెనకాల ఏ నుంచి జెడ్ దాకా అక్షరాలు, ఒక్కోదాని కింద గీతలు. బోర్డు మీద పడ్డ ప్రతి బిళ్ళకీ ఒక గీత కొట్టేశారు. పార్సిళ్ళ లెక్క రాసిన చెయ్యి కదా!

ఇప్పుడు వెనక్కి వెళ్దాం. ఎనిమిది వెనకబడి ఉన్నాను, నా వంతు. క్యూ ఆయన దగ్గరుందని నాకు తెలుసు అనుకోండి. యూలు నాలుగూ అప్పటికే బోర్డు మీద ఇరుక్కుపోయాయి. క్యూ పెట్టడానికి మిగిలింది ఆ ఒక్క ఐ. అక్కడ నా టీ పెట్టేస్తే? టీ-ఐ. సంగీతంలో మన నిషాదం లాంటి స్వరానికి ఇంగ్లీషు పేరు. మూడింతల గడిలో టీకి 3, ఐకి 1. వచ్చేది నాలుగే పాయింట్లు! 18 ఎదురుగా పెట్టుకుని నాలుక్కి చెయ్యి చాపాలంటే మనసొప్పదు. కానీ చూడండి. నాకు 314. ఆయన ఎన్‌తో రెండు వేసుకుంటారు, 320. క్యూ ఆయన చేతిలోనే ఉండిపోయింది. నా ‘ఫార్మ్’ ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు వేస్తాను, 332, నా బిళ్ళలు అయిపోయాయి. ఆయన క్యూ విలువ పది నాకొచ్చి, ఆయనకి పది పోతుంది. నాకు 342, ఆయనకి 310.

అవే బిళ్ళలు, అదే బోర్డు. పదిహేడుతో ఓడిన ఆట ముప్ఫై రెండుతో గెలవాల్సింది. ఇందులో నాకు రాని మాట ఒక్కటీ లేదు. నేను నన్ను అడగని ప్రశ్న ఒక్కటే. క్యూ ఎక్కడుంది?

రమ్మీ ఆడేవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఎదుటి మనిషి ఏ ముక్క ఎత్తాడో, ఏది పడేశాడో చూడకుండా తన పదమూడు ముక్కలే చూసుకునేవాణ్ణి ఏమంటారో మీకు తెలుసు. రేడియోలో నేను అనకూడదు.

న్యూజిలాండ్‌కి చెందిన నైజెల్ రిచర్డ్స్ అనే ఆయన ఉన్నారు. 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచారు. ఫ్రెంచిలో మాట్లాడటం రాదు! 2024లో స్పానిష్‌లోనూ అంతే. అక్షరాల వరసలు బట్టీ పట్టారు, నిజమే. కానీ బట్టీ పట్టినవాళ్ళు ఆ పోటీల్లో ఇంకా చాలామంది ఉంటారు కదా. ఎప్పుడు ఏది వెయ్యాలో, ఏది అట్టే పెట్టుకోవాలో తెలియాలి. మా స్కూలు పిల్లల చేత బారెడేసి మాటలు వల్లె వేయించే తల్లిదండ్రులకి ఇది చెబితే నచ్చదు, అయినా చెబుతూనే ఉంటాను.

టైమైపోతోంది. ఒక్క పని చెప్పి వదిలేస్తాను. వంద బిళ్ళలూ లెక్కపెట్టక్కర్లేదు, మొదట్లో అది మనవల్ల కాదు. పది చాలు. ఏ అక్షరంగానైనా వాడుకునే ఖాళీ బిళ్ళలు రెండు. ఎస్‌లు నాలుగు, ప్రతి మాటకీ చివర ఎస్ తగిలించి బహువచనం చేసేస్తారని బట్స్ కావాలనే నాలుగే పెట్టాడు. తర్వాత జే, క్యూ, ఎక్స్, జెడ్ ఒక్కొక్కటి. ఈ పదీ ఓ చిన్న కాగితం మీద రాసుకోండి. బోర్డు మీద పడ్డదాన్ని కొట్టేయండి. సంచి తేలికపడుతున్నప్పుడు, మాట వెతికే ముందు, ఒక్కసారి ఆ కాగితం చూడండి.

పోయిన ఆదివారం నేనూ కాగితం పెట్టుకుని కూర్చున్నాను. బాబాయిగారు చూశారు. ఏమీ అనలేదు. తన కాగితాన్ని మాత్రం కండువాతో కప్పుకున్నారు.