ఏ గాలికి ఏ పూవు? ఇంటి ఆవరణలో మన పరిమళపు మొక్కలు: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. ఇంటి ఆవరణలో పెంచదగిన సువాసన పూల మొక్కలను గురించి, అందులోనూ మన నేలకు అలవాటైన జాతులను గురించి, ఈ రోజు ఉద్యాన నిపుణురాలు మీ ప్రశ్నలకు సమాధానాలు చెబుతారు. సూర్యాపేట నుంచి ఒక శ్రోత లైన్లో ఉన్నారు. అడగండమ్మా.

శ్రోత (సూర్యాపేట): నమస్కారం మేడం. మేము ఈ మధ్యనే ఇల్లు కట్టుకున్నాము. ఇంటి చుట్టూ ఖాళీ స్థలం ఉన్నది, దక్షిణం వైపు కొంచెం ఎక్కువ. నర్సరీలో నైట్ క్వీన్, దేవగన్నేరు, సంపంగి తీసుకోమన్నారు. మాకేమో పూర్వం నుంచి మన ఇళ్ళలో ఉన్న మొక్కలే పెట్టుకోవాలని ఉన్నది. ఏది ఎక్కడ నాటాలి?

నిపుణురాలు: చాలా సంతోషం అమ్మా. మీరు చెప్పిన మూడింటిలో సంపంగి ఒక్కటే మన దేశపు చెట్టు, మిగిలిన రెండూ అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల నుంచి వచ్చినవి. అంతమాత్రాన వాటిని పెంచకూడదని నేను అనను. అయితే నైట్ క్వీన్ ఘాటు కొందరికి తలనొప్పి తెప్పిస్తుంది, దాని కాయలు విషపూరితం కూడా. అందుచేత పసిపిల్లలు తిరిగే ఇంటికి దానిని సూచించను.

ఇక ఎంపిక సంగతి. ఏ మొక్క కొనాలో నిర్ణయించుకొనే ముందు, మీ ఇంటికి ఏ కాలంలో గాలి ఎటు నుంచి వస్తుందో, ఆ పూవు ఏ వేళ విచ్చుకుంటుందో, ఆ వేళకు మీరు ఎక్కడ కూర్చుంటారో గమనించుకోవాలి. వేసవి సాయంత్రాలలో దక్షిణం నుంచి పైరగాలి వీస్తుంది. మల్లె విరగబూసేది ఆ నెలల్లోనే, మొగ్గ విచ్చుకొనేది కూడా ఆ వేళకే. కనుక ఎండ బాగా పడే మీ దక్షిణపు ఖాళీలో మల్లె పొదలు నాటితే, ఆ పరిమళాన్ని గాలే ఇంట్లోకి మోసుకొస్తుంది. అదే మల్లెను ఉత్తరపు గోడ నీడలో పెడితే పూలూ తక్కువే, పూసిన ఆ కొద్ది పూల వాసన కూడా పక్కింటి పాలవుతుంది.

మల్లెలు తగ్గిన తరువాత వానాకాలానికి సన్నజాజి అందుకుంటుంది, దానిని పడకగది కిటికీ దగ్గర పందిరికి పాకించండి. పారిజాతం సందెవేళ విచ్చుకొని తెల్లవారేసరికి రాలిపోతుంది కనుక, వాకిట్లో కాళ్ళ కింద పడని చోట, శుభ్రమైన మట్టి ఉన్న తూర్పు మూల దానికి తగినది. పడమటి ఎండకు నీడ కావాలంటే పొగడ నాటండి. నెమ్మదిగా పెరిగినా ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది, రాలిన పూలు ఎండిన తరువాత కూడా వాసన పోగొట్టుకోవు. నా మటుకు నాకు ఇంటి చెట్టుగా పొగడను మించినది లేదు. సంపంగి కూడా కావాలనుకుంటే గోడకు పది పదిహేను అడుగుల దూరంలో, తప్పనిసరిగా అంటు మొక్కనే నాటండి. గింజ మొక్క అయితే పూతకు చాలా ఏళ్ళు ఎదురుచూడవలసి వస్తుంది.

శ్రోత (సూర్యాపేట): ప్రహరీ గోడ మీదికి పాకించడానికి ఏదైనా చెప్పండి మేడం.

నిపుణురాలు: మనోరంజితం పెట్టండమ్మా. కొక్కేల వంటి కాడలతో ఆధారాన్ని పట్టుకొని ఎగబాకుతుంది. పూవు పచ్చగా ఉన్నప్పుడు వాసన ఉండదు, పసుపు రంగుకు తిరిగిన తరువాత మాగిన పండ్ల వాసన వస్తుంది. ఆకుల మధ్య పూవు కనిపించదు కాబట్టి, వాసనను బట్టి వెతుక్కోవాలి.

వ్యాఖ్యాత: హైదరాబాద్ నుంచి మరొక శ్రోత.

శ్రోత (హైదరాబాద్): మేడం, మాది అపార్ట్‌మెంట్. బాల్కనీలో కుండీలో పెట్టిన మల్లె ఏపుగా పెరుగుతున్నది గాని మొగ్గ తొడగడం లేదు.

నిపుణురాలు: ఎన్ని గంటల ఎండ పడుతుందండీ? యూరియా వంటిది ఏమైనా వేస్తున్నారా?

శ్రోత (హైదరాబాద్): ఉదయం రెండు మూడు గంటలు వస్తుంది. యూరియా నెలనెలా కొద్దిగా వేస్తున్నాము.

నిపుణురాలు: రెండు కారణాలూ మీరే చెప్పారు. మల్లెకు కనీసం ఐదారు గంటల ఎండ కావాలి. యూరియాలోని నత్రజని ఆకును పెంచుతుంది గాని పూతను తీసుకురాదు, వెంటనే ఆపేయండి. మల్లె పూసేది కొత్త చిగుళ్ళ మీద. అందుకే మల్లె రైతులు నవంబరు, డిసెంబరు నెలల్లో కొంతకాలం నీరు ఆపి, కొమ్మలు కత్తిరించి, ఆ తరువాత పశువుల ఎరువు వేసి మళ్ళీ నీరు పెడతారు. మీరూ అలాగే చేయండి. ఎండ విషయంలో మాత్రం, కుండీని డాబా మీదికి చేర్చడం తప్ప వేరే దారి లేదు.

వ్యాఖ్యాత: బాపట్ల నుంచి ఒక పెద్దాయన మాట్లాడుతున్నారు.

శ్రోత (బాపట్ల): అమ్మా, మాది సముద్రానికి దగ్గర ఊరు. ఇసుక నేల, నీళ్ళలో కొంచెం ఉప్పు. మొగలి పెంచాలని ఉన్నది గాని, పాములు వస్తాయని ఇంట్లోవాళ్ళు భయపడుతున్నారు.

నిపుణురాలు: మీ నేలకు మొగలి, పొన్న రెండూ సరిపోతాయండీ, రెండూ తీరప్రాంతపు జాతులే. మొగలిలో పరిమళం మగ పూపొత్తిది కనుక, మగ మొక్క నుంచి తీసిన పిలకనే తెచ్చుకోండి. ఇక పాముల సంగతి: అవి వాసన కోసం రావు. ఊడలు దిగి గుబురుగా అల్లుకున్న పొదలో ఎలుకలు, కప్పలు చేరుతాయి, పాము వాటి కోసం వస్తుంది. అందుచేత ఇంటికి ఆనించి కాకుండా ఆవరణ చివర నాటి, అడుగున రాలిన ఎండుటాకులను ఎప్పటికప్పుడు తీసివేస్తూ, కింది పిలకలను పెరగనీయకుండా ఉంచండి. ఆకు అంచున ముళ్ళుంటాయి, శుభ్రం చేసేటప్పుడు కర్రతో ముందు కదిలించి, ఆ తరువాతే చేయి పెట్టండి.