బైబిల్లో మర్మం అంటే

శ్రోతలకు నమస్కారం. ఎంత ఆలోచించినా అంతుపట్టని సంగతిని మర్మం అంటాం. మనసులో మాట బయటపెట్టని మనిషిని మర్మపు మనిషి అంటాం. తెలుగు బైబిల్లోని కొత్త నిబంధనలో ఈ మాట చదివేటప్పుడు ఆ అర్థాలను కాస్త పక్కన పెట్టాలి. అక్కడ మూలంలో ఉన్న గ్రీకు మాట ముస్తేరియోన్.

గ్రీకు దేశంలో అది గుడికి సంబంధించిన మాట. ఏథెన్స్‌కు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఎలూసిస్ అనే ఊళ్లో పంటల దేవత దెమేతర్‌కు ఆలయం ఉండేది. దీక్ష పుచ్చుకున్నవాళ్లు అక్కడ రాత్రిపూట కొన్ని క్రతువులు చూసేవారు. చూసింది బయట చెబితే ప్రాణం మీదికి వచ్చేది. క్రీస్తు పూర్వం 415లో, ఆ క్రతువులను ఇంట్లో వేళాకోళంగా నటించాడని సేనాని అల్కిబియాడిస్ మీద నేరం మోపారు. అతను పారిపోయినా వదలకుండా మరణశిక్ష విధించారు.

ఇదే మాట యూదుల గ్రంథాల్లోకి మరో దారిన వచ్చింది. దానియేలు గ్రంథం రెండో అధ్యాయంలో నెబుకద్నెజరు రాజుకు కల వస్తుంది. దాని భావం చెప్పలేక బబులోను జ్ఞానులు చేతులెత్తేస్తారు. ఆ రహస్యాన్ని అరామిక్ మూలం 'రాజ్' అంటుంది. అది పారశీకం నుంచి వచ్చిన మాట. గ్రీకులోకి మార్చినవాళ్లు అక్కడ ముస్తేరియోన్ అని రాశారు. దేవుడు దాచి ఉంచాడు, సమయం వచ్చినప్పుడు తానే బయటపెట్టాడు. కథంతా ఆ బయటపెట్టడం గురించే.

అపొస్తలుడైన పౌలు పుట్టుకతో యూదుడు. ఆయన వాడుకలో నాకు ఎలూసిస్ కంటే దానియేలే ఎక్కువ వినిపిస్తాడు. ఎఫెసీయులకు రాసిన పత్రిక మూడో అధ్యాయం చూడండి. మర్మం, మర్మం అంటూ వచ్చి, అదేమిటో ఆరో వచనంలో తేటతెల్లంగా చెప్పేస్తారు: యూదులు కాని జనాలు కూడా క్రీస్తులో యూదులతో సమాన వారసులు. ఇందులో పొడుపు కథ ఏమీ లేదు. చుట్టూ ఉన్న క్రియలు చూసినా తెలియజేయడం, బయలుపరచడం, ప్రకటించడం. ప్రకటన గ్రంథం మొదటి అధ్యాయంలోనూ అంతే. ఏడు నక్షత్రాల మర్మం అంటూనే, అవి ఏడు సంఘాల దూతలని అదే వచనం చెబుతుంది.

అన్నట్టు, గుడి దీక్షకు వాడే క్రియను పౌలు ఒకే ఒక్కసారి వాడాడు, ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో. అక్కడ ఆయన దీక్ష పొందింది క్రతువులో కాదు, కడుపు నిండినా మాడినా తృప్తిగా ఉండడంలో!

ఇక ఎఫెసీయుల పత్రిక చివర, ఆరో అధ్యాయంలో, తాను సంకెళ్లలో ఉన్న రాయబారినని చెప్పుకుంటూ ఒక ప్రార్థన చేయమని అడుగుతాడు. విడుదల కోసం కాదు, సువార్త మర్మాన్ని ధైర్యంగా నోరు తెరిచి చెప్పగలగాలని.