మాడిందా, కాలిందా? బెస్ట్ పిజ్జా మీద అక్కాతమ్ముళ్ళ పంచాయితీ

తమ్ముడు: అందరికీ నమస్కారం. కర్నూలు నుంచి మాట్లాడుతున్నాం. రికార్డింగులో చప్పుడు పడుతుందని ఫ్యాన్ ఆపేశాం. మే నెల. కాబట్టి మా ఇద్దరిలో ఎవరికైనా కోపం ఎక్కువగా వస్తే అది పిజ్జా మీద కాదు, ఎండ మీద అనుకోండి.

అక్క: నాకు మాత్రం పిజ్జా మీదే. నిన్న రాత్రి నుంచి వీడు లిస్టులు పంపుతూనే ఉన్నాడు. పన్నెండు దాటాక కూడా ఒకటొచ్చింది.

తమ్ముడు: లిస్టు లేకుండా వాదన ఎట్లా అక్కా? ఫిఫ్టీ టాప్ పిజ్జా అని ఇటలీవాళ్ళు ఏటా ఇస్తారు. పేరులో యాభై, ప్రపంచం లిస్టులో వంద కొట్లు. 2024లో మొదటి స్థానం పిజ్జాకి పుట్టిల్లయిన ఇటలీ ఊరు నేపుల్స్‌కి రాలేదు తెలుసా? న్యూయార్క్‌లోని ఊనా పిజ్జా నపొలెటానాకి ఇచ్చారు. ఇటలీవాళ్ళే అమెరికా కొట్టుకి పెద్దపీట వేశారంటే అందులో విషయం ఉన్నట్టే కదా.

అక్క: విషయం ఉంది, కాదనను. ఆంథొనీ మాంజియేరి కొట్టు అది. వారంలో కొన్ని రోజులే తెరుస్తాడు. మెనూలో పట్టుమని పది రకాలుండవు. కానీ ఆ లిస్టు ఏం చూస్తుంది? ఎక్కువగా నేపుల్స్ పద్ధతిలో చేసేవాళ్ళనే చూస్తుంది. పరుగు పందెం పెట్టి, ఈతగాడికి మార్కులు తక్కువొచ్చాయి అంటే ఎట్లా?

తమ్ముడు: సరే, నీ లెక్కలో బెస్ట్ అంటే ఏంటి?

అక్క: కొట్టులోకి పోయి అన్నిటికన్నా సాదా పిజ్జా అడగాలి. టమాట, చీజ్, నాలుగు తులసి ఆకులు. అంతే. మార్గరీటా. అది బాగుంటే ఆ కొట్టు బాగున్నట్టు. పైన పది రకాలు వేస్తే కింద రొట్టె ఎట్లా ఉందో ఎవడికి తెలుస్తుంది? నేపుల్స్‌లో దా మిచేలే అని ఉంది. 1870 నుంచి అదే కుటుంబం. ఎన్నో ఏళ్ళు రెండే రెండు రకాలు చేశారు, మార్గరీటా, మరినారా. మరినారాలో చీజ్ కూడా ఉండదు. టమాట, వెల్లుల్లి, ఒరెగానో, నూనె. బయట చీటీ తీసుకుని మన నంబరు పిలిచేదాకా నిలబడాలి.

తమ్ముడు: చీజ్ లేని పిజ్జా కోసం చీటీ తీసుకుని నిలబడటం. మన రాజ్ విహార్ సెంటర్‌లో పెట్టి చూడు, ఎవరొస్తారో.

అక్క: ఉగ్గాని బజ్జీ బండి దగ్గర నిలబడటంలే? అక్కడేముంది? బొరుగులు, ఉల్లిగడ్డ, పప్పుల పొడి, నిమ్మకాయ. పొద్దున ఏడింటికే మూగుతారు. అదే బొరుగులు పక్క బండివాడు కూడా నానబెడతాడు, వాడి దగ్గర ఎవడూ ఉండడు. ఎందుకు? నీళ్ళు పిండటం తెలియదు వాడికి. రెండు వస్తువులతో చేసేవాడికి దాక్కోవడానికి చోటుండదు నాయనా.

తమ్ముడు: ఇది ఒప్పుకుంటా. కానీ నాన్న సంగతి చెప్పు ముందు. బెంగళూరులో జరిగింది.

అక్క: అది చెప్పాల్సిందే. నేను బెంగళూరులో ఆరేళ్ళు ఉద్యోగం చేశా కదా. అమ్మానాన్న వచ్చినప్పుడు కట్టెల పొయ్యి మీద కాల్చే పిజ్జా కొట్టుకి తీసుకుపోయా. పేరు చెప్పను. మంచి కొట్టే. ప్లేటు వచ్చింది. అంచు బాగా పొంగి ఉంది, దాని మీద చిరుతపులికి ఉన్నట్టు నల్ల మచ్చలు. మధ్యలో మాత్రం తడి. టమాట నీళ్ళు, చీజ్ నీళ్ళు కలిసి చిన్న మడుగులా నిలబడ్డాయి. నాన్న ఒక ముక్క పైకెత్తాడు. కొన కిందికి వాలింది, మీదున్నదంతా జారి ప్లేట్లో పడింది. సర్వర్ అబ్బాయిని పిలిచి, "బాబూ, ఒకపక్క మాడింది, ఇంకోపక్క ఉడకలేదు. కాస్త చూసి తీసుకురా" అన్నాడు.

తమ్ముడు: ఆ అబ్బాయి ఏమన్నాడు?

అక్క: "సార్, ఇది ఇట్లానే ఉంటుంది" అన్నాడు. నాన్న వదలలేదు. "ఇట్లానే ఉండేదానికి ఇంత రేటెందుకు బాబూ?" నేను తల దించుకున్నా. ఇంతలో అమ్మ ఏం చేసిందో తెలుసా? ఏమీ మాట్లాడకుండా ముక్క తీసుకుని, నల్లగా ఉన్న చోట బొటనవేలితో రెండుసార్లు దులిపి, మడిచి, తినేసింది. జొన్నరొట్టె మీది మసి దులిపినట్టు. తిన్నాక, "రొట్టె బాగా కాలింది" అంది.

తమ్ముడు: అమ్మ ఇచ్చిన సర్టిఫికెట్ అది.

అక్క: నేపుల్స్‌లో కూడా అదే సర్టిఫికెట్. అక్కడ 1984లో ఒక సంఘం పెట్టుకున్నారు, అసలైన నేపుల్స్ పిజ్జా ఎట్లా ఉండాలో చెప్పడానికి. పిండిని చేత్తోనే సాగదీయాలి, అప్పడాల కర్ర తగలకూడదు. వెడల్పు 35 సెంటీమీటర్లు దాటకూడదు. కట్టెల పొయ్యి వేడి 485 డిగ్రీల దాకా. అరవై నుంచి తొంభై సెకన్లలో పిజ్జా బయటికి రావాలి. మచ్చలు రావడానికీ, మధ్యలో తడి మిగలడానికీ కారణం అదే. నిమిషంన్నరలో ఏ నీళ్ళు ఇంకుతాయి చెప్పు?

తమ్ముడు: మరి మన ఊరి బేకరీల్లో మచ్చలెందుకు రావు?

అక్క: కరెంటు ఓవెన్లు 250, 300 డిగ్రీల దగ్గర ఆగిపోతాయి. అందులో పిజ్జా పది నిమిషాలు ఉండాలి. ఆ పది నిమిషాల్లో రొట్టెలో తడి అంతా పోయి బిస్కెట్టు అవుతుంది. తప్పు బేకరీవాడిది కాదు. పెనం సరిగా కాలకముందే రొట్టె వేస్తే ఏమవుతుందో అమ్మని అడుగు. పొంగదు, ఎండుతుంది. జొన్నరొట్టె తట్టడం వచ్చిన ఏ ఇంట్లోనైనా ఈ పిజ్జా రహస్యం ముందే తెలుసు. మనకి తెలిసిన సంగతే నాన్నకి వేరే ప్లేట్లో వచ్చేసరికి మాడినట్టు కనపడింది.

తమ్ముడు: సరే, నేపుల్స్ గొప్పది. 2017లో యునెస్కోవాళ్ళు కూడా అక్కడి పిజ్జా చేసే విద్యని వారసత్వం జాబితాలో చేర్చారు. కానీ అందులో సగం కథలే అక్కా. 1889లో ఇటలీ రాణి మార్గరీటా వచ్చింది, రఫాయెలే ఎస్పొజీతో అనే పిజ్జావాడు ఇటలీ జెండా రంగుల్లో పిజ్జా చేశాడు, రాణిగారి తరఫున మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది అని చెప్తారు. బ్రాందీ అనే కొట్టులో ఆ ఉత్తరం ఇప్పటికీ గోడకి వేలాడుతుంది. అది అసలుదేనా అని చరిత్రకారులకే అనుమానం.

అక్క: బ్రాందీ అనగానే మనవాళ్ళు వేరే కొట్టు అనుకుంటారేమో.

తమ్ముడు: (నవ్వు) అది పిజ్జా కొట్టేనండీ. నేననేది ఏమంటే, పాతది అన్నంత మాత్రాన బెస్ట్ అయిపోదు. న్యూయార్క్ లొంబార్డీస్ తీసుకో. 1905 అని బోర్డు, అమెరికాలో మొదటి పిజ్జేరియా అని పేరు. 1984లో మూసేశారు. 1994లో అదే వీధిలో వేరే భవనంలో మళ్ళీ తెరిచారు. పదేళ్ళు పొయ్యి ఆరిపోయింది, చోటు మారింది. ఇంకా 1905 కొట్టే అంటే నేనొప్పుకోను.

అక్క: ఇందులో నీతో తగువు లేదు. పొయ్యి ఆరితే వేరే కొట్టే.

తమ్ముడు: ఇప్పుడు నా ఓటు ఎవరికో చెప్పనా? న్యూ హేవెన్. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలో చిన్న ఊరు. అక్కడ వూస్టర్ స్ట్రీట్ అని ఒక వీధి. 1925లో ఫ్రాంక్ పేపే అనే ఇటలీ మనిషి అక్కడ పిజ్జా కొట్టు మొదలుపెట్టాడు. 1938లో అదే వీధిలో మేనల్లుడు శాలీ వేరే కొట్టు పెట్టుకున్నాడు. మేనమామకి ఎదురుగా మేనల్లుడు! ఇప్పటికీ ఆ ఊళ్ళో జనం రెండు ముఠాలు. పేపేవాళ్ళు శాలీస్ గడప తొక్కరు, శాలీస్‌వాళ్ళు పేపే పేరెత్తరు.

అక్క: రెండు ముఠాలా? మన సీమకి తీసుకురా వాళ్ళని.

తమ్ముడు: విను ముందు. అక్కడ కట్టెలు కాదు, బొగ్గు పొయ్యి. పిజ్జా గుండ్రంగా కూడా ఉండదు, వంకరటింకర. పేపే దగ్గర పేరున్నది ఏదంటే తెల్ల పిజ్జా. టమాట లేదు. సముద్రపు ఆల్చిప్పల మాంసం, వెల్లుల్లి, తురిమిన గట్టి చీజ్, ఒరెగానో, ఆలివ్ నూనె. నేపుల్స్ సంఘంవాళ్ళకి చూపిస్తే పిజ్జా అనరు. కానీ అక్కడ పక్కనే సముద్రం, అక్కడ దొరికేది ఆల్చిప్ప, అదే వేశాడు. ఇప్పుడు నా ప్రశ్న. ఆల్చిప్ప వేసినవాడు గొప్పోడైతే, మన సి.క్యాంపు వైపు బేకరీలో పచ్చిమిరప, ఉల్లిగడ్డ, పనీర్ వేసి పైన కారంపొడి చల్లినవాడు ఎందుకు కాడు?

అక్క: ...

తమ్ముడు: మాట్లాడవేం? ఇది రికార్డు అవుతోంది.

అక్క: ఆలోచిస్తున్నా నాయనా. కారంపొడి వేయడం తప్పు కాదు. నా గొడవ రొట్టెతో. పేపే ఆల్చిప్పలు వేసే ముందు కింద రొట్టెని సరిచూసుకున్నాడు. మనవాళ్ళు చాలామంది ముందే కాల్చి కవర్లలో వచ్చే రొట్టె కొని, దాని మీద వేస్తారు. ఆ రొట్టె ఇంట్లో చేసుకున్న రోజున ఆ కారంపొడి పిజ్జాకి నేను కూడా ఓటేస్తా. కర్నూలు పిజ్జా అని బోర్డు పెట్టుకోమంటా.

తమ్ముడు: అంటే మార్గరీటా పరీక్ష రద్దు చేసినట్టేనా?

అక్క: సవరించా. ఏ కొట్టులోనైనా వాళ్ళ సాదా పిజ్జా ఏదైతే అదే పరీక్ష. న్యూ హేవెన్‌లో టమాట పిజ్జా, చీజ్ అడిగితేనే వేస్తారంట. చికాగోలో అయితే ఊనో అనే కొట్టువాళ్ళ మందం పిజ్జా, 1943 నుంచి చేస్తున్నారు. అది అరగంట పైనే కాలాలి. దాన్ని పిజ్జా అనాలా, కూర పెట్టిన కేకు అనాలా అనేది వేరే ఎపిసోడ్.

తమ్ముడు: చికాగో విననివ్వండి, మాకు వాళ్ళతో పని లేదు. శ్రోతల నుంచి ఒక ప్రశ్న. బెంగళూరులో పిజ్జా హట్, ఢిల్లీలో డామినోస్, రెండూ 1996లోనే కదా మన దేశంలో మొదలైంది, వాటిని ఎందుకు లెక్కలోకి తీసుకోరు అని.

అక్క: తీసుకోవచ్చు. చెడ్డవి అనను. మా తరానికి పిజ్జా అంటే ఏంటో చూపించింది వాళ్ళే. కానీ అక్కడ చేసేవాడి చెయ్యి తెలియదు. కర్నూలులో తిన్నా, కాన్పూరులో తిన్నా ఒకటే ఉండాలని వాళ్ళ పట్టుదల. అది కూడా ఒక విద్యే. బెస్ట్ అనే మాటకి మాత్రం నాకు ఒక మనిషి కావాలి, పొయ్యి ముందు చెమట కారుస్తూ.

తమ్ముడు: ఇప్పుడు మనం కారుస్తున్నట్టు.

అక్క: ఇంకో సంగతి. మనకి టమాట కొదవా? పత్తికొండ మార్కెట్‌కి వచ్చే టమాట చూడు. ధర పడిపోయినప్పుడు రైతులు రోడ్డు పక్కన పారబోసి పోవడం ఎన్నిసార్లు చూశాం? నేపుల్స్‌వాళ్ళు వెసూవియస్ కొండ దగ్గర పండే సాన్ మార్జానో టమాటని నెత్తిన పెట్టుకుంటారు. పొడుగ్గా ఉంటుంది, గింజ తక్కువ, నీళ్ళు తక్కువ. మన టమాటలో నీళ్ళు ఎక్కువే. కాస్త ఉప్పేసి వడకడితే సరి. ఇక వాళ్ళు గొప్పగా చెప్పుకునే మొజరెల్లా చీజ్ దేంతో చేస్తారు? బర్రె పాలతో. మనింట్లో పొద్దున్నే వచ్చేది ఏ పాలు?

తమ్ముడు: బర్రె పాలే. అయితే ఈ ఆదివారం చేసేద్దాం. పత్తికొండ టమాట, అమ్మ జొన్నరొట్టె పెనం. పెనాన్ని బాగా కాల్చి, పిండి చేత్తో సాగదీసి వేసి, పైన మూత పెట్టి...

అక్క: మూత పెడితే ఆవిరి పట్టి మెత్తబడుతుంది. కింద కాలాక తిప్పి నిప్పుల మీద పెట్టాలి. తిప్పితే చీజ్ ఏం కావాలి? ముందు రొట్టె కాల్చి, తర్వాత... ఉండు, అమ్మా! ఆదివారం నీ పెనం కావాలి!

అమ్మ (లోపలి నుంచి): దేనికి?

తమ్ముడు: పిజ్జాకి!

అమ్మ: ఆ జున్ను అంటుకుంటే ఎవరు గీకుతారు? ఇరవై ఏళ్ళ పెనం అది. బేకరీకి పోండి.