డెప్త్ చార్ట్‌లో రెండో పేరు

అందరికీ నమస్కారం. పిల్లలకు టెక్సస్‌లోని ఆస్టిన్‌లోనో కాలేజ్ స్టేషన్‌లోనో యూనివర్సిటీ సీటు వచ్చాక మనలో చాలామందికి అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ పిచ్చి పట్టుకుంది. శనివారం వస్తే టీవీ ముందు నుంచి కదలం. కానీ ఆగస్టులో "ఈసారి మన టీమ్ ఎలా ఉంది?" అని ఎవరైనా అడిగితే, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ పేరు చెప్పేసి ఊరుకుంటాం. జట్టును అంచనా వేయాల్సింది అక్కడి నుంచి కాదు. అతన్ని కాపాడుతూ ముందు నిలబడే ఐదుగురి నుంచి, అంటే అఫెన్సివ్ లైన్ నుంచి మొదలుపెట్టాలి. డెప్త్ చార్ట్‌లో, అంటే ఒక్కో స్థానానికి ఆటగాళ్లను వరుసగా రాసే జాబితాలో, ఆ ఐదుగురి వెనక ఎవరున్నారో కూడా చూడాలి.

2025లో టెక్సస్ యూనివర్సిటీ జట్టు సంగతే తీసుకోండి. ఆ యూనివర్సిటీ చరిత్రలో మొదటిసారి, సీజన్ మొదలవకముందే అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) వార్తాసంస్థ ర్యాంకింగ్స్‌లో 1వ స్థానం దక్కింది. అందరి నోటా క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్ మానింగ్ పేరే. పేరుమోసిన క్వార్టర్‌బ్యాక్‌లు పెయ్టన్, ఈలై మానింగ్‌ల అన్న కొడుకు కదా, ఆశలు ఉండటం సహజం. అయితే అంతకుముందు ఏడాది అఫెన్సివ్ లైన్‌లో ఆడిన ఐదుగురు స్టార్టర్లలో నలుగురు వెళ్లిపోయారు. లైన్‌లో ఎడమ చివర నిలబడే ట్యాకిల్ కెల్విన్ బ్యాంక్స్‌ను, ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో న్యూ ఓర్లీన్స్ సెయింట్స్ 9వ ఎంపికగా తీసుకుంది. మిగిలింది డీజే క్యాంప్‌బెల్ ఒక్కడే. మొదటి ఆటలోనే ఒహాయో స్టేట్ చేతిలో 14-7తో ఓటమి. అక్టోబర్‌లో ఫ్లోరిడా చేతిలో కూడా ఓడి ఏకంగా టాప్ 25 నుంచే జారిపోయింది. తర్వాత తేరుకుంది కానీ ఛాంపియన్‌ను తేల్చే ప్లేఆఫ్‌కు మాత్రం వెళ్లలేకపోయింది. ఆర్చ్‌ను జనం తిట్టిన తిట్లు వింటే నాకు బాధేసింది. విసరడానికి టైమే దొరకనప్పుడు ఎంతటివాడైనా ఏం చేస్తాడు?

లైన్‌లో కలిసి ఆడిన అనుభవం ఎందుకంత ముఖ్యమో చెప్తాను. కుడిచేతి వాటం క్వార్టర్‌బ్యాక్ విసరడానికి ఒళ్లు తిప్పితే, ఎడమవైపు నుంచి వెనగ్గా వచ్చేవాడు అతనికి కనపడడు. ఆ వచ్చేవాణ్ని ఆపాల్సింది ఎడమ ట్యాకిల్. ఇప్పుడు డిఫెన్స్‌వాళ్లు ఇద్దరు సగం దారిలో చోట్లు మార్చుకున్నారనుకోండి. ట్యాకిల్ తన మనిషిని పక్కనున్న గార్డ్‌కు వదిలేసి, గార్డ్ వదిలినవాణ్ని తాను అందుకోవాలి. మాట్లాడుకునే వ్యవధి ఉండదు. పక్కవాడు ఏం చేస్తాడో ముందే తెలిసి ఉండాలి. అది జిమ్‌లో బరువులెత్తితే రాదు, హైస్కూల్లో వచ్చిన ఐదు స్టార్ల రేటింగ్‌తోనూ రాదు. అందుకే నేను రోస్టర్ (ఆటగాళ్ల జాబితా) చూసేటప్పుడు లైన్‌మెన్‌లో ఎవరు ఎన్ని ఆటలు స్టార్ట్ చేశారో, ఎవరి పక్కన ఆడారో ముందు చూస్తాను.

ఇక రెండో వరుస. 2024లో ఒహాయో స్టేట్‌కు అక్టోబర్‌లో ఎడమ ట్యాకిల్ జాష్ సిమన్స్ గాయపడ్డాడు. నవంబర్‌లో లైన్ మధ్యలో నిలబడే సెంటర్ సెత్ మెక్‌లాఫ్లిన్ కూడా గాయంతో తప్పుకున్నాడు. మామూలుగా అయితే అక్కడితో కథ ముగిసిపోవాలి. కానీ గార్డ్ డానవన్ జాక్సన్ ట్యాకిల్ చోటుకు జరిగాడు, సెంటర్‌గా కార్సన్ హింజ్‌మన్ వచ్చాడు. ఈ హింజ్‌మన్ 2023లో అదే చోట స్టార్టర్‌గా ఆడినవాడే. ఇంకొకరు వచ్చి తన చోటు తీసుకున్నా జట్టు వదిలి పోలేదు. ఆ లైన్‌తోనే వాళ్లు నోటర్ డేమ్‌ను 34-23తో ఓడించి ఛాంపియన్లయ్యారు. ఆగస్టులో హింజ్‌మన్ పేరు ఎంతమంది పట్టించుకుని ఉంటారు?

ఇలాంటివాళ్లు ఇప్పుడు దొరకడమే కష్టం. అవకాశం రాకపోతే పిల్లలు ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లోకి, అంటే వేరే యూనివర్సిటీకి మారాలనుకునేవాళ్ల జాబితాలోకి, వెళ్లిపోతున్నారు. పైగా 2025 నుంచి, ఆటగాళ్లకు యూనివర్సిటీలే నేరుగా డబ్బు ఇవ్వొచ్చన్న కొత్త కోర్టు సెటిల్‌మెంట్‌లో చేరిన యూనివర్సిటీలకు 85 స్కాలర్‌షిప్‌ల పరిమితి పోయి, జట్టు మొత్తానికి 105 మంది అన్న పరిమితి వచ్చింది. స్కాలర్‌షిప్ లేకుండా చేరి ప్రాక్టీసులో చెమటోడ్చే వాక్-ఆన్‌లకు చాలాచోట్ల తలుపులు మూసుకుపోయాయి. నాకు ఇది నచ్చలేదు. వసంతకాలపు పోర్టల్‌ను కూడా ఎత్తేసి జనవరిలో ఒక్క విండో మాత్రమే ఉంచారు కాబట్టి, ఏప్రిల్‌లో బయటపడ్డ లోటును పోర్టల్‌తో పూడ్చుకునే దారి లేదు.

పోర్టల్‌తో జట్టు కట్టలేరని కాదు. కోచ్ కర్ట్ సిగ్నెట్టీ 2024లో ఇండియానా యూనివర్సిటీకి వస్తూ, తన పాత జట్టు జేమ్స్ మాడిసన్ నుంచి 13 మందిని వెంట తెచ్చుకున్నాడు. అంతకుముందు ఏడాది 3-9తో (3 గెలుపులు, 9 ఓటములు) ముగించిన జట్టు 11-2కు చేరింది. వాళ్లు తన పద్ధతి తెలిసినవాళ్లు, ఒకరి ఆట ఒకరికి తెలిసినవాళ్లు. అదే ఏడాది ఫ్లోరిడా స్టేట్ 10వ ర్యాంకుతో మొదలై 2-10తో ముగిసింది. పది మందిని ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌కు పంపి, ఖాళీలను పోర్టల్‌తో నింపుకున్న జట్టు అది. కాబట్టి ఎంతమంది వచ్చారన్న లెక్క ఒక్కటే చాలదు, వాళ్లు ఇంతకుముందు ఎవరితో ఆడారో అడగాలి.

కోచ్‌లు ఇచ్చే డెప్త్ చార్ట్‌ను పూర్తిగా నమ్మకండి. రెండు పేర్ల మధ్య "లేదా" అని రాసి తప్పించుకుంటారు, కొందరు అసలు బయటపెట్టరు. "రెడ్‌షర్ట్ ఫ్రెష్‌మన్" (మొదటి ఏడాది అర్హత లెక్కలో పడనివాడు) అని ఉంటే అసలు ఆడలేదని అనుకోకండి. 2018 నుంచి నాలుగు ఆటల వరకు ఆడినా ఆ ఏడాది అర్హత పోదు. గతేడాది ఎవరు ఎన్ని స్నాప్‌లు, అంటే ఎన్నిసార్లు బంతి ఆటలోకి వచ్చినప్పుడు మైదానంలో ఉండి, ఆడారో వెతకండి, అసలు విషయం అక్కడ తెలుస్తుంది.

ఇంకొకటి. సెప్టెంబర్ మొదట్లో చిన్న జట్లతో ఆటలుంటాయి. మూడో క్వార్టర్‌కే మనవాళ్లు నలభై పాయింట్ల ఆధిక్యంలో ఉంటారు, ఇక అయిపోయిందని టీవీ కట్టేస్తాం. కట్టేయకండి. రెండో వరుస లైన్‌మెన్ దిగేది అప్పుడే. నవంబర్‌లో ఎవరి మీద ఆధారపడాల్సి వస్తుందో వాళ్లను చూడటానికి దొరికేది ఆ ఒక్క క్వార్టరే.